పద్యం వినపడుతోంది, అక్షరాలు తెలియడం లేదు

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకులు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 64. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, అమెరికాలో ఉద్యోగం. ఇంట్లో ఈయన, భార్య. మాస్టారికి నాటక పద్యాలు, పాత సినిమా పాటలు, బాలమురళీకృష్ణ కచేరీలంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనం అయ్యాక హాల్లో ఫ్యాను కింద పడక్కుర్చీ వేసుకుని ఫోన్‌లో వినడం అలవాటు.

పోయిన దసరాకు కొడుకు వస్తూ ఒక ఖరీదైన హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. తర్వాత నెట్‌లో ధర చూసి మాస్టారికి గుండె ఆగినంత పనైంది, ముప్పై వేలకు పైనే. ఈయన ఫోన్‌కు గుండ్రటి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు కాబట్టి, ఫోన్‌కూ హెడ్‌ఫోన్స్‌కూ మధ్య తగిలించే చిన్న ముక్క, అదే డాంగిల్, అబ్బాయి తన ఫోన్‌కు వాడేది కూడా ఇచ్చి వెళ్లాడు. కొడుకు విమానం ఎక్కాక తీరిగ్గా కూర్చుని విన్నారు. "వాల్యూమ్ చివరిదాకా పెంచినా పక్కింట్లో పాడుతున్నట్టుంది. మృదంగం తెలుస్తోంది, రాగం తెలుస్తోంది. పద్యంలో అక్షరాలు మాత్రం తెలియడం లేదు" అని రాశారు. భార్యకు పెట్టి చూపిస్తే "బాగానే ఉంది కదండీ" అని తీసి చేతిలో పెట్టేశారట.

వారం వారం వీడియో కాల్‌లో కొడుకు అడుగుతాడు, "ఎలా ఉంది నాన్నా?" అని. "అద్భుతంరా" అంటున్నారు. ఇది నాలుగు నెలలుగా నడుస్తోంది.

ఈమధ్య కోఠిలో ఒక షాపుకు వెళితే, అక్కడి కుర్రాడు అరచేతిలో పట్టే పోర్టబుల్ హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్, అంటే శబ్దానికి బలం పెంచే పెట్టె, ఒకటి తగిలించి వినిపించాడు. "ప్రాణం లేచొచ్చింది" అన్నారు మాస్టారు. ధర 18,500. ఐదు వందలు అడ్వాన్సు ఇచ్చి, వచ్చే ఆదివారం దాకా ఆపమని చెప్పి వచ్చారు. ఇంట్లో చెబితే భార్య, "ముప్పై వేల వస్తువు వినపడాలంటే ఇంకో ఇరవై వేలు పెట్టాలా? ముందు ఆ టీవీ సౌండు తగ్గించండి, పై ఫ్లాటువాళ్లు అడుగుతున్నారు" అన్నారు. కొనాలా వద్దా, కొంటే అబ్బాయికి ఏమని చెప్పాలి అన్నది ప్రశ్న. సంతకం పైన చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "కుడి చెవిలో అప్పుడప్పుడు కుయ్ మంటోంది, అది వేరే సంగతి."

మాస్టారూ, నమస్కారం.

ఆ చివరి వాక్యం వేరే సంగతి కాదనిపిస్తోంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగినదే చూద్దాం.

మీ ఉత్తరంలో నాలుగు అనుమానాలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయి. హెడ్‌ఫోన్స్‌కు కావలసినంత బలం అందడం లేదా? మధ్యలో ఉన్న డాంగిల్ సరిపోవడం లేదా? మీరు వినే రికార్డింగులే అంతంత మాత్రమా? వినే చెవి మారిందా? యాంప్లిఫయర్ జవాబు చెప్పేది వీటిలో మొదటిదానికే. మిగతా మూడింటిలో ఏది నిజమైనా, 18,500 పెట్టి అదే లోపాన్ని ఇంకాస్త గట్టిగా వింటారు.

ఫిజిక్స్ మాస్టారికి ఓం సూత్రం చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా లెక్క వేద్దాం, ఎందుకంటే షాపులో ఎవరూ ఈ లెక్క వేసి చూపించరు. హెడ్‌ఫోన్స్ పెట్టె మీద 300 ఓములు అని ఉందని రాశారు, అంటే కరెంటుకు అవి చూపే నిరోధం. మామూలు ఇయర్‌ఫోన్లు 16 నుంచి 32 ఓముల మధ్య ఉంటాయి. 1997లో వచ్చి ఇప్పటికీ సంగీతం వాళ్ల బల్లల మీద కనిపించే సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కూడా 300 ఓములదే, కాబట్టి 300 అనేది లోపం కాదు. అవి ఇంట్లో పెద్ద యాంప్లిఫయర్‌కు తగిలించి వినేవాళ్ల కోసం పుట్టిన జాతి, అంతే. ఫోన్ డాంగిల్ సుమారు ఒక వోల్టు ఇస్తుందనుకోండి. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు 31 మిల్లీవాట్లు అందుతాయి. మీ 300 ఓములకు అందేది 3.3 మిల్లీవాట్లు. పదో వంతు. "అదుగో, అందుకే వినపడటం లేదు" అంటాడు షాపు కుర్రాడు. ఇక్కడిదాకా అతను చెప్పింది తప్పు కాదు.

కానీ లెక్క ఇంకో మెట్టు ఉంది. ఈ తరహా హెడ్‌ఫోన్స్ ఒక వోల్టుకు 97 నుంచి 103 డెసిబెల్స్ దాకా ఇస్తాయని కంపెనీలే రాస్తాయి. అది పాటలో అత్యంత గట్టి క్షణం సంగతి. సగటు శబ్దం దానికన్నా పదిహేను, ఇరవై డెసిబెల్స్ కింద ఉంటుంది. అంటే పూర్తి వాల్యూమ్‌లో దాదాపు 80 డెసిబెల్స్ దగ్గర వినపడాలి. ఎదురుగా కూర్చుని మాట్లాడే మనిషి గొంతు 60 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి డాంగిల్ నిజంగా ఒక వోల్టు ఇస్తుంటే, ఆ పాట పక్కింట్లోంచి వస్తున్నట్టు ఉండకూడదు. అమ్మగారు అన్నట్టు "బాగానే" ఉండాలి.

ఇప్పుడు డాంగిల్ దగ్గరికి వద్దాం. "తన ఫోన్‌కు వాడేది" ఇచ్చాడని రాశారు. మీ అబ్బాయి ఫోన్, మీ ఫోన్ ఒకే కంపెనీవి కాకపోతే ఇక్కడే ఒక చిక్కు ఉండొచ్చు. కొన్ని డాంగిళ్లలో లోపల వేరే వాల్యూమ్ ఒకటి ఉంటుంది. వాటికి సరిపడే ఫోన్ అయితే దాన్ని పైకి లేపుతుంది. వేరే రకం ఫోన్ దాన్ని ముట్టుకోదు. తెర మీద వాల్యూమ్ గీత నిండుగా కనిపిస్తుంది, లోపల అది సగం దారిలోనే ఆగి ఉంటుంది. వోల్టు కాస్తా 0.4 అయిందంటే 8 డెసిబెల్స్ పోయినట్టే. మీరు చెప్పే లక్షణానికి ఇది చక్కగా సరిపోతుంది. పైగా దీన్ని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే దానికి గుండ్రటి రంధ్రం ఉంటుంది, హెడ్‌ఫోన్స్ నేరుగా అందులో పెట్టి అదే పద్యం వినండి. లేదా అపార్ట్‌మెంట్‌లో ఏ కాలేజీ పిల్లాడినైనా వేరే డాంగిల్ ఒక గంట అడగండి. వినేటప్పుడు ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి. మీ హెడ్‌ఫోన్స్ వెనకవైపు జాలీలా తెరిచి ఉంటుందని రాశారు కదా, అలాంటివి బయటి శబ్దాన్ని అడ్డుకోవు. ఫ్యాను హోరు, వీధిలో ఆటో, వంటింట్లో కుక్కరు అన్నీ పద్యంలో కలిసిపోతాయి. ముందుగా మునిగిపోయేవి సన్నటి శబ్దాలే.

ఈ పరీక్షలో శబ్దం బాగా పెరిగిందనుకోండి, మీకు కావలసింది ఇంకో డాంగిల్ మాత్రమే. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో అడిగితే నాలుగైదు రకాలు ముందు పెడతారు. మరీ చవకవాటిలో కొన్ని ఉత్త వైరు ముక్కలే, కొన్ని ఫోన్లకు అసలు పలకవు. "లోపల డాక్ ఉన్నది కావాలి" అనండి, డబ్బు ఇచ్చే ముందు మీ ఫోన్‌కే పెట్టి చూడండి. డాక్ అంటే అంకెలను కరెంటుగా మార్చే చిప్పు. ఫోన్ రంధ్రం పోయాక ఆ పని డాంగిల్ మీద పడింది.

దీనికి పై మెట్టు ఒకటుంది. డాక్, యాంప్లిఫయర్ రెండూ కలిపి వేలెడంత ముక్కలో పెట్టి అమ్ముతున్నారు. మూడు వేల నుంచి ఎనిమిది వేల మధ్య దొరికేవాటిలో రెండు వోల్టులు ఇచ్చేవి ఉన్నాయి. వోల్టేజి రెట్టింపయితే సామర్థ్యం నాలుగింతలు, శబ్దం 6 డెసిబెల్స్ ఎక్కువ. 300 ఓములకు అది దండిగా సరిపోతుంది. వేరే బ్యాటరీ ఉండదు, ఫోన్ నుంచే కరెంటు లాగుతుంది, కాబట్టి ఫోన్ చార్జింగ్ కాస్త తొందరగా దిగుతుంది. ఇంట్లో కూర్చుని వినే మీకు అదొక లెక్క కాదు.

షాపులో చూసిన ఆ 18,500 పెట్టెకు సొంత బ్యాటరీ ఉంది, బలం ఇంకా ఎక్కువే. ఇలాంటివి ఐపాడ్ల కాలంలో బాగా పేరు తెచ్చుకున్నాయి. అప్పట్లో ఐపాడ్ అడుగు నుంచి వేరుగా లైన్ తీసి వీటికి కలిపేవారు. మీరు రాసినదాన్ని బట్టి ఇది డాక్ లేని ఉత్త యాంప్లిఫయర్. అంటే మీ పాత డాంగిల్ మధ్యలో ఉండాల్సిందే. ఫోన్, దానికి డాంగిల్, దానికి ఒక వైరు, ఆ వైరుకు పెట్టె, పెట్టెకు హెడ్‌ఫోన్స్. పడక్కుర్చీలో ఒళ్లో ఇవన్నీ సర్దుకుని కూర్చున్న మీరు నా కళ్ల ముందు కనిపిస్తున్నారు, క్షమించండి. డాంగిల్ ఏమిస్తే దాన్నే ఇది పెంచుతుంది, అందులోని గరగరతో సహా. పైగా చార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంట్లో ఇంకొకటి పెరుగుతుంది. నా దగ్గరా ఇలాంటిది ఒకటి ఉండేది. మొదటి నెల రోజూ వాడాను, రెండో నెల ఆదివారాలు వాడాను, ఆ తర్వాత డ్రాయరులోకి వెళ్లింది. రెండేళ్లకు తీసి చూస్తే బ్యాటరీ ఉబ్బి మూత లేచింది.

మరి షాపులో ప్రాణం ఎందుకు లేచొచ్చింది? అది అబద్ధం కాదు, మీరు నిజంగానే విన్నారు. కానీ ఒకే పాటను కాస్త గట్టిగా వినిపిస్తే ఎవరికైనా అది మెరుగ్గా అనిపిస్తుంది. తీగలు స్పష్టంగా, గొంతు దగ్గరగా వచ్చినట్టు ఉంటుంది. నాణ్యత పెరగలేదు, వాల్యూమ్ పెరిగింది. ప్రయోగశాలలో పిల్లలకు మీరే చెప్పి ఉంటారు, ఒకేసారి రెండు చరరాశులు మార్చొద్దని. ఆ పెట్టె కొనాలనే ఉంటే, ఇంకోసారి షాపుకు వెళ్లి, మంచి డాంగిల్‌తో ఒక మోస్తరు శబ్దంలో వినండి. తర్వాత యాంప్ తగిలించి శబ్దాన్ని సరిగ్గా అంతకే తగ్గించండి. కళ్లు మూసుకోండి, అమ్మగారిని మీకు చెప్పకుండా అటూ ఇటూ మార్చమనండి. పదిసార్లలో ఏది ఏదో ఎనిమిది, తొమ్మిదిసార్లు చెప్పగలిగితే ఆ తేడా నిజం. కొనుక్కోండి, నేను అడ్డు రాను. సంగీతం మీద ఖర్చు పెట్టడం తప్పని అనేవాణ్ని కాను.

రికార్డింగుల సంగతి క్లుప్తంగా చెప్తాను. యూట్యూబ్‌లో దొరికే నాటక పద్యాల్లో చాలావరకు అరిగిన రికార్డు నుంచి క్యాసెట్‌కు, క్యాసెట్ నుంచి కంప్యూటర్‌కు ఎక్కించినవి. ఒక్కో మెట్టు దగ్గరా పైస్థాయి శబ్దాలు, అంటే సన్నటి శబ్దాలు, రాలిపోయాయి. పోయిన అక్షరాన్ని ఏ యాంప్లిఫయరూ తిరిగి తేలేదు. ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో పెట్టే ఆకాశవాణి, దూరదర్శన్ రికార్డింగులు వినండి. దానికి పక్కనే మీరు రోజూ వినే కాపీ పెట్టి చూడండి. ఈమధ్య స్టూడియోలో రికార్డయిన గొంతు కూడా ఒకటి వినండి. అందులోనూ అక్షరాలు తెలియకపోతే తప్పు రికార్డింగుది కాదు.

ఇప్పుడు ఆ చివరి వాక్యం.

నొచ్చుకోకండి. మీరు రాసిన నాలుగు విషయాలు వరసగా పెడితే నాకు ఒక బొమ్మ కనపడుతోంది. మృదంగం తెలుస్తోంది, అక్షరాలు తెలియడం లేదు. అమ్మగారికి అదే వాల్యూమ్ బాగానే ఉంది. టీవీ సౌండు పై ఫ్లాటుకు వినపడుతోంది. కుడి చెవిలో కుయ్ మంటోంది. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల మొదట పైస్థాయి శబ్దాల దగ్గరే మొదలవుతుంది. మృదంగం, అచ్చుల సాగదీత కింది స్థాయిలో ఉంటాయి, అవి చాలాకాలం చెక్కుచెదరవు. పోయేవి స, శ, ష, చ లాంటివి, అంటే మాటను మాటగా నిలబెట్టేవి. అందుకే "వినపడుతోంది కానీ అర్థం కావడం లేదు" అంటారు ఈ ఇబ్బంది ఉన్నవాళ్లు. మీరు పద్యం గురించి అచ్చం అదే రాశారు.

ఇది కచ్చితంగా చెవే అని నేను ఉత్తరం చూసి చెప్పలేను. చెవిలో గులిమి గట్టిపడి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది, అదైతే డాక్టరు తీసేస్తారు. మీరు మాత్రం పుల్లలు, బడ్స్ పెట్టి తీయకండి, ఇంకా లోపలికి పోతుంది. అయితే ఒక్క చెవిలోనే మోత వస్తోందంటే చూపించుకోవలసిందే. ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం ఆ రోజో మర్నాడో వెళ్లాలి, ఆగకూడదు. మీరు యాంప్ చూసిన అదే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళితే ఓపీ దొరుకుతుంది. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, అంటే భయపడేదేం లేదు, హెడ్‌ఫోన్స్ పెట్టి కూర్చోబెడతారు, శబ్దం వినపడ్డప్పుడల్లా చెప్పడమే. మీకు హెడ్‌ఫోన్స్‌తో అనుభవం ఎలాగూ ఉంది.

చెవి సంగతి తేలకుండా యాంప్ కొంటే ఏమవుతుందో చెప్పాలి. అక్షరాలు తెలియడం లేదని వాల్యూమ్ పెంచుతారు. యాంప్ అన్నిటినీ ఒకే పాళ్లలో పెంచుతుంది. అక్షరాలు అప్పటికీ సరిగ్గా తెలియకపోవచ్చు, మృదంగం మాత్రం చెవిని కొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సగటున 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి. 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. 18,500 పెట్టె 300 ఓములను తేలిగ్గా 90 దాటిస్తుంది. రోజూ రెండు గంటలు వినే మీకు అది మంచిది కాదు.

పరీక్షలో పైస్థాయి కొద్దిగా తగ్గిందని తేలితే, ఖర్చు లేని దారులు కొన్ని ఉన్నాయి. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంటుంది, కింది, పైస్థాయి శబ్దాలను విడివిడిగా పెంచే గీతల వరస అది. అందులో పైస్థాయివైన కుడివైపు గీతలను కొద్దిగా లేపి చూడండి. మొత్తం వాల్యూమ్ పెంచడం కన్నా అది మేలు. రెండు చెవుల మధ్య తేడా ఉంటే సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలో రెండు చెవులకూ ఒకే శబ్దం పంపే మోనో ఆడియో, ఎడమ కుడి బ్యాలెన్సు ఉంటాయి. తగ్గుదల ఎక్కువే అని డాక్టరు అంటే వినికిడి యంత్రం మాట వస్తుంది. ఆ మాట వినగానే మీ ముఖం ఎలా మారుతుందో ఊహించగలను. కళ్లజోడు పెట్టుకుని ముప్పై ఏళ్లు బ్లాక్‌బోర్డు మీద రాసిన మనిషికి చెవి దగ్గర ఎందుకంత మొహమాటమో నాకు అర్థం కాదు కానీ, అందరికీ ఉంటుంది. మా ఇంట్లోనూ చూశాను.

ఇక అబ్బాయి సంగతి. "అద్భుతంరా" అని నాలుగు నెలలుగా అంటున్నారు. వాడు అంత డబ్బు పెట్టి, అంత దూరం నుంచి మోసుకొస్తే బాగాలేదని ఎలా అంటాం, అది మీ బాధ. అర్థమైంది. కానీ యాంప్ కొని చెప్పకుండా ఉంటే, వచ్చేసారి ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద కనపడుతుంది. అప్పుడు చెప్పే మాట ఇప్పటి మాట కన్నా కష్టం. కొనేముందు చెబితే ఇంకోలా ఉంటుంది. ఇలాంటి వస్తువులు ఎంచి కొనే కుర్రాడికి ఇందులో ఆసక్తి ఉండే ఉంటుంది. "హెడ్‌ఫోన్స్ మంచివేరా, నా ఫోన్‌కూ నీ డాంగిల్‌కూ పొసగడం లేదనిపిస్తోంది, ఏం చేద్దాం?" అని అడిగి చూడండి. అది నిజం కూడా కావచ్చు. పాఠం చెప్పే అవకాశం నాన్నే ఇస్తే ఏ కొడుకు కాదంటాడు? చెవి మాట కూడా అదే కాల్‌లో చెప్పాలా అన్నది మీ ఇష్టం. పరీక్ష అయ్యాక చెబితే వాడికి అక్కడ టెన్షన్ తగ్గుతుంది. ముందే చెబితే పరీక్షకు వెళ్లారా లేదా అని వాడే వెంటపడతాడు. మీరు వాయిదా వేసే మనిషైతే రెండోదే నయం. అమ్మగారికి మాత్రం ఇవాళే చెప్పండి, ఆవిడకు ఎలాగూ తెలుసు, టీవీ మాట ఊరికే అనలేదు.

ఒకటి అడగలేదు గానీ చెప్తాను. అన్నీ అయ్యాక కూడా ఆ హెడ్‌ఫోన్స్ మీ పడక్కుర్చీకి పొసగకపోవచ్చు. పెద్దగా ఉంటాయి, వైరు ఉంటుంది, ఫ్యాను ఆపాలి. హైదరాబాద్ ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆపి పద్యం వినే ఓపిక నాకైతే లేదు. అప్పుడు వాటిని అబ్బాయికే ఇచ్చేసి, బయటి శబ్దం ఆపే మామూలు బ్లూటూత్‌వి తీసుకోవచ్చు. వాటికి యాంప్ లోపలే ఉంటుంది, ఈ పెట్టెలూ ఓములూ ఏమీ అక్కర్లేదు. నాణ్యత ఒక మెట్టు తగ్గుతుంది, రోజూ వాడే వీలు నాలుగు మెట్లు పెరుగుతుంది.

షాపువాళ్లకు ఆదివారం లోపు ఫోన్ చేసి ఇంకో మూడు వారాలు ఆపమని అడగండి. ఆసుపత్రి పని, డాంగిల్ పరీక్ష రెండూ ఆలోగా అయిపోతాయి. కుదరదంటే ఆ ఐదు వందలు వదిలేయండి, మాస్టారూ.